జానెడు మీద రెండు వేళ్ళు: చేపల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో చేపల వ్యవహారాలు చూసే మంత్రిగారికి,

నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. రాత్రిపూట జెట్టీ మీంచి చిన్న చేపల్ని ఎత్తుకుపోతున్నారని ఇంతకుముందు మూడుసార్లు ఇంగ్లీషులో రాశాను. మొదటిదానికి "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని కంప్యూటర్ జవాబిచ్చింది, నేను పంపిన నిమిషంలోపే. అంత విలువైనదాన్ని అంత తొందరగా ఎలా చదివేశారో నాకు అర్థం కాలేదు. రెండోదానికి మూడు వారాల తర్వాత ఒక లింకు వచ్చింది. నొక్కి చూస్తే, నా ఉత్తరంలో నేను ఎత్తి రాసిన రూల్సే ఆ పేజీలో ఉన్నాయి. మూడోదానికి అదీ లేదు. ఇంగ్లీషులో రాస్తేనే గతి లేనప్పుడు తెలుగులో రాస్తే నాకు పోయేదేముంది? కనీసం మావాళ్ళైనా చదువుతారు. వాళ్ళు చదవాల్సిన సంగతులు కూడా ఇందులో ఉన్నాయి.

బ్రీమ్ 25 సెంటీమీటర్లు, లుడెరిక్ 27, స్నాపర్ 30, టేలర్ 30, కింగ్‌ఫిష్ 65, మలోవే 70. ఏ రకం చేప ఎంతకన్నా చిన్నదైతే తిరిగి నీళ్ళలో వదిలేయాలో చెప్పే ఈ అంకెలు పెట్టింది మీరే కాబట్టి మీకు వివరించను. ఎందుకు పెట్టారో నాకు తెలుసు. ఆ అంకెలతో నాకు ఏ తగాదా లేదు. నా తగాదా అంతా ఒక తెల్ల బకెట్టుతో.

నేనెవరో చెప్పాలి కదా. సిడ్నీ పడమటి వైపు ఉంటాను. వారమంతా ఆఫీసులో లెక్కలు చూస్తాను. శుక్రవారం రాత్రి గాలం పట్టుకొని జెట్టీ మీద రెండు గంటలు నిలబడితే తప్ప నాకు వారం ముగిసినట్టు ఉండదు. మాది భీమిలి వైపు ఒక ఊరు. మా తాత వల వేసి బతికాడు. మా నాన్న స్కూలు మాస్టారయ్యాడు గానీ ఆదివారం గాలం మానలేదు. నేను ఏటా 35 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకుంటాను. ఒక్క ఏడూ తప్పలేదు. కావాలంటే మీ రికార్డుల్లో చూసుకోవచ్చు, అది మాత్రం మీ దగ్గర భద్రంగానే ఉంటుంది.

ఏ జెట్టీయో ఇక్కడ రాయను. గాలం వేసేవాడు చోటు చెప్పడు, అది ఏ దేశంలోనైనా ఒకటే. పైగా ఇది చదివి ఇంకో నలుగురు బకెట్లతో బయలుదేరితే ఆ పాపం నాది. మీకు పంపిన మూడు ఉత్తరాల్లోనూ మ్యాపుతో సహా ఉంది. ఎన్నో దీపస్తంభం కింద అన్నది కూడా రాశాను.

నా జాన సరిగ్గా 21 సెంటీమీటర్లు. దాని మీద రెండు వేళ్ళు పెడితే 25. మా ఇంట్లో బ్రీమ్ లెక్క అదే: జానెడు మీద రెండు వేళ్ళు. చేప పడగానే ముందు చెయ్యి ఆనిస్తాను, అనుమానం ఉంటే స్కేలు తీస్తాను. చీకట్లో, చలిలో, చేతులు కొంకర్లు పోతున్నప్పుడు కూడా ఈ లెక్కకు రెండు క్షణాలు చాలు. కష్టమైన పని కాదని చెప్పడానికే ఇదంతా.

ఇక బకెట్టు సంగతి. పోయిన ఆగస్టులో, అంటే ఇక్కడి చలికాలంలో, ఒక శుక్రవారం, రాత్రి తొమ్మిదిన్నర. పోటు వస్తోంది. చలికాలంలో బ్రీమ్‌లు గుడ్లు పెట్టడానికి ఏటి మొగలకు చేరతాయి, మీకు తెలియందేమీ కాదు. నాకు ఇరవై అడుగుల దూరంలో నలుగురు కుర్రాళ్ళు. మధ్యలో పెయింటు డబ్బా లాంటి పెద్ద తెల్ల బకెట్టు. రొయ్య ముక్క గుచ్చడం, వేయడం, లాగడం, బకెట్టులో పడేయడం. కొలవడం అన్న మాటే లేదు. మా అమ్మాయికి పదకొండేళ్ళు, నాతోపాటు వస్తుంది. తన పని తను చేసుకుంటూనే నోట్లో లెక్కపెట్టింది. "నాన్నా, ఇరవై ఏడు" అంది మెల్లగా. నీళ్ళు పట్టుకునే నెపంతో పక్కనించి పోయి చూశాను. దాంట్లో నా జానెడు కూడా లేనివే ఎక్కువ. కొన్ని నా అరచేయంత.

బ్రీమ్‌లు మనిషికి పది దాకా ఉంచుకోవచ్చు, నలుగురికి నలభై. కాబట్టి లెక్క ప్రకారం వాళ్ళు తప్పు చేయలేదు. ఎవరైనా వచ్చి తలలు లెక్కపెట్టి వెళ్ళిపోతే అంతా సవ్యంగానే ఉన్నట్టు. తప్పంతా పొడవులో ఉంది, పొడవు కనపడాలంటే వంగి చూడాలి.

వాళ్ళు ఏ దేశంవాళ్ళు అన్నది ఇక్కడ అనవసరం. ఆ జెట్టీ మీద అన్ని దేశాలవాళ్ళూ చిన్న చేపలు ఎత్తుకుపోవడం చూశాను, ఇక్కడే మూడు తరాలుగా ఉన్నవాళ్ళతో సహా. కానీ ఆ రోజు ఆ నలుగురిలో ఒకడు తెలుగు కుర్రాడు. ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే తెలిసింది. అందుకే ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళాను.

"తమ్ముడూ, ఇవి చిన్నవి. తిరిగి నీళ్ళలో వదిలేయాలి."

"మీరు ఫిషరీసా అన్నా?"

"కాదు."

"మరి మీకెందుకన్నా టెన్షన్? మనోళ్ళమే కదా."

మంత్రిగారూ, ఆ కుర్రాడు మొరటుగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. ఒక కూల్‌డ్రింక్ కూడా ఇవ్వబోయాడు. కానీ ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. నాకెందుకు టెన్షన్? నేను ఫిషరీసు కాదు. జీతం తీసుకోవడం లేదు. చొక్కా మీద బ్యాడ్జీ లేదు. ఎదుటివాడి బకెట్టు తెరిచి చూసే హక్కు నాకు లేదు. మరి ఆ టెన్షన్ పడాల్సినవాళ్ళు ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఎక్కడున్నారు?

ఫోన్ చేశాను. ఫిర్యాదులకు మీరు పెట్టిన నెంబరుకే. ఎత్తినవాళ్ళు మర్యాదగా మాట్లాడారు. ఎంతమంది, ఎలాంటి బట్టలు, కారు నెంబరు, రంగు, అన్నీ అడిగారు. అన్నీ చెప్పాను. చలిలో వణుకుతూ స్పెల్లింగులతో సహా చెప్పాను. రాసుకున్నామన్నారు. పోటు అయిపోయింది, కుర్రాళ్ళు బకెట్టు ఎత్తుకొని వెళ్ళిపోయారు, పదకొండు దాకా చూసి మేమూ వెళ్ళిపోయాం. ఎవరూ రాలేదు. వస్తారని మా అమ్మాయి కారులో కూడా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

అది మొదటిసారి కాదు. రెండు చలికాలాల్లో ఏడుసార్లు ఫోన్ చేశాను. డైరీలో తేదీలు రాసి పెట్టుకున్నాను, లెక్కలు చూసేవాణ్ణి కదా. ఏడింటిలో ఒక్కదానికైనా ఏం జరిగిందన్నది నాకు తెలియదు. ఎవరినైనా పట్టుకున్నారా, కారు నెంబరు చూసి ఇంటికి ఉత్తరం పంపారా, లేక నా మాటలు ఏదో కంప్యూటర్‌లో నిద్రపోతున్నాయా? అడిగితే, ఆ వివరాలు బయటికి చెప్పం అన్నారు. సరే, పేర్లు చెప్పకండి. "మీ ఫోన్ వల్ల ఇది జరిగింది" అని ఒక్క ముక్క చెప్తే ఎవరి గోప్యతకు భంగం? చెరువులో రాయేసినా బుడుంగుమన్న చప్పుడైనా వస్తుంది.

మీ మనుషులు అసలు రారని అనను. వచ్చారు. నవంబరులో ఒక శనివారం, ఉదయం పదిన్నరకు, మంచి ఎండలో. ఇద్దరు ఆఫీసర్లు, చాలా మర్యాదస్తులు. జెట్టీ మీద ఆ టైములో ఉన్నది నేను, మా అమ్మాయి, నిద్రపోతున్న ఒక పెద్దాయన. నా డబ్బాలో మూడు బ్రీమ్‌లు. కొలిచారు. రెండు బాగానే ఉన్నాయి. మూడోది 24.6 అని తేలింది.

ఆ చేపను కొలిచింది మా అమ్మాయి. స్కేలు ఇంట్లో మర్చిపోయి వాళ్ళమ్మ కుట్టు టేపు తెచ్చింది. టేపును చేప ఒంటి మీదుగా వేసి కొలిచింది. చేప కడుపు ఉబ్బెత్తు కదా, టేపు ఆ వంపు ఎక్కి దిగేసరికి 25 చూపించింది. నేను దాని మాట నమ్మి డబ్బాలో వేశాను. ఆఫీసర్ చేపను చదునైన స్కేలు మీద పడుకోబెట్టి, మూతి కొస నుంచి తోక కొస దాకా ఎలా చూడాలో పిల్లకు ఓపిగ్గా చూపించాడు. తప్పు నాదే, ఒప్పుకున్నాను. హెచ్చరిక రాసిచ్చి, ఒక కొలత స్టిక్కరు చేతిలో పెట్టి వెళ్ళారు. పిల్ల కారులో ఏడ్చింది.

ఆఫీసర్ మీద నాకు ఏ కోపమూ లేదు. అతను చేసింది న్యాయం. కానీ చూడండి మంత్రిగారూ, మూడేళ్ళుగా నేను నిలబడే ఆ జెట్టీ మీద చట్టానికి దొరికిపోయినవాడు నాకు తెలిసి ఒకే ఒక్కడు. ఏడుసార్లు మీకు ఫోన్ చేసినవాడు. నాలుగు మిల్లీమీటర్లకు దొరికాడు. రాత్రి బకెట్లు ఎత్తుకుపోయినవాళ్ళు ఆ శనివారం ఉదయం హాయిగా పడుకొని ఉంటారు, పులుసు తిన్న నిద్ర అది. "రాత్రులు రండి సార్" అని ఆ ఆఫీసర్‌తో అన్నాను. కనిపిస్తే ఫోన్ చేయమన్నాడు. నాకు నవ్వొచ్చింది, అతనికి ఎందుకో తెలియదు పాపం.

అసలు ఆ చిన్న చేపలు ఎందుకు ఎత్తుకుపోతారన్నది మీరు ఎప్పుడైనా ఆలోచించారా? అందరిదీ ఆశ కాదు. మావాళ్ళ సంగతి నేను చెప్పగలను. మా తీరంలో చిన్న చేపే రుచి. నెత్తళ్ళు గుప్పెడు తెచ్చి చింతకాయతో వండితే ముల్లుతో సహా నమిలేస్తాం. కవళ్ళు వేయించి తింటాం. చేప వేలెడంత ఉంటే మాకు అది పసిది అనిపించదు, ఎందుకంటే నెత్తలి పెరిగి పెద్దదైనా వేలెడంతే. ఆ కళ్ళతోనే ఇక్కడికి వచ్చి అరచేయంత బ్రీమ్‌ను చూస్తాం. ఇదీ అలాంటిదే అనుకుంటాం. అది అలాంటిది కాదని, 23 సెంటీమీటర్లు పెరగడానికే దానికి ఐదేళ్ళు పడుతుందని, మన బకెట్టులోది బడికి కూడా పోని పిల్ల అని ఎవరు చెప్పారు? నాకు చెప్పినవాళ్ళు లేరు. ఇక్కడికొచ్చిన మొదటి ఏడు నేనూ అలాంటివి నాలుగు ఇంటికి తెచ్చాను. రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

బోర్డు ఉంది కదా అంటారు. ఉంది. మా జెట్టీ మొదట్లో ఉంది, ఎండకు వెలిసిపోయి, పక్షుల రెట్టలతో. దాని మీద తెలుగు లేదు, ఉంటుందని నేను ఆశపడనూ లేదు. కానీ పేర్లు చదివితే ఏం తెలుస్తుంది? ఇండియా నుంచి దిగిన మనిషికి ఏది లుడెరిక్కో, ఏది టేలరో, ఏది పసి మలోవేయో ఎలా తెలుస్తుంది? చిన్న మలోవేను ఇక్కడివాళ్ళే "సోపీ" అంటారు, అదేదో వేరే చేప అయినట్టు. అది మా కాకినాడ వైపు లక్షలు పలికే కచిడి చేపకు దాయాది అని, 70 సెంటీమీటర్లు దాటితే గానీ ముట్టుకోకూడదని, అప్పుడు కూడా మనిషికి ఒక్కటేనని నేను చెప్తే మావాళ్ళు నోరు తెరిచారు. కచిడి అనగానే అందరికీ వెలిగింది. ఒక్క పోలిక చేసిన పని అది. మీ బోర్డు పదేళ్ళైనా చేయలేదు.

ఇంకోటి చెప్పాలి. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పోయిన ఏడాది ఒకాయన ఫోటో పెట్టాడు. చేతుల్లో పెద్ద డస్కీ ఫ్లాట్‌హెడ్, 82 సెంటీమీటర్లు. తల కొట్టి పలక చేసినట్టు ఉంటుంది కదా, ఆ చేప. అందరూ చప్పట్లు, దండలు, పూల బొమ్మలు. నేను ఒక్కణ్ణే "70 దాటితే వదిలేయాలి అన్నయ్యా" అని రాశాను. గ్రూపంతా నా మీద పడింది. కుళ్ళు అన్నారు. ఆ అన్నయ్య మాత్రం విడిగా ఫోన్ చేశాడు. 70 దాటింది ఒకటి ఉంచుకోవచ్చని ఎప్పుడో చదివాడట. నిజమే, ఒకప్పటి రూలు అదే. 2023 డిసెంబరులో మీరు దాన్ని 36 నుంచి 70 లోపు అని మార్చారు, మనిషికి ఉంచుకునే లెక్కను 5కు తగ్గించారు. మార్చడం మంచిదే. అంత పెద్దవన్నీ ఆడవే, గుడ్ల మూటలు అవి. కానీ మార్చిన సంగతి ఏటా లైసెన్సు డబ్బు కట్టే మనిషికి చేరలేదు. డబ్బు తీసుకునేటప్పుడు అతని ఫోన్ నెంబరూ ఈమెయిలూ మీ దగ్గరే ఉన్నాయి. లైసెన్సు గడువు ముగుస్తోందని గుర్తు చేయడం మాత్రం మీరు ఎప్పుడూ మర్చిపోరు.

ఆ అన్నయ్య ఇప్పుడు మా గ్రూపులో అందరికన్నా కఠినం. ఎవరు ఫోటో పెట్టినా పక్కన స్కేలు ఉందా అంటాడు. కాబట్టి చెప్తే వినరన్నది అబద్ధం.

డబ్బు మాట వచ్చింది కాబట్టి అదీ అడిగేస్తాను. 2001లో ఉప్పునీళ్ళలో గాలం వేసేవాళ్ళకు కూడా ఈ ఫీజు పెట్టినప్పుడు, ఆ డబ్బు ట్రస్టుకు పోతుందని, గాలంవాళ్ళ మేలుకే వాడతామని అన్నారు. వాడారు కూడా, కాదనను. చేపలు శుభ్రం చేసుకునే బల్లలు నాకు కనిపిస్తున్నాయి. 30 చోట్ల వల వేసి బతికేవాళ్ళకు డబ్బిచ్చి పంపించేసి, ఆ నీళ్ళను మా సరదాకు వదిలిపెట్టారు. ఇది చదివిన రోజు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఒక వలవాడి బతుకుతెరువు పక్కకు జరిపి ఇచ్చిన చోటు అది. అలాంటి చోట మేం సరదాకని వచ్చి, అతను వలలోంచి ఏరి పారేసే సైజు చేపల్ని బకెట్లలో నింపుకుంటున్నాం. అతన్ని ఏ ముఖం పెట్టుకొని పంపించారు? వల అయితే రేవులో తేలుతుంది, తూకం వేస్తారు, లెక్క రాస్తారు. మా బకెట్టుకు తూకం లేదు, లెక్క లేదు. కారు డిక్కీ మూత పడితే అంతే.

(సిడ్నీ హార్బర్ సంగతి వేరే ఉత్తరం రాయాలి. డయాక్సిన్ విషం వల్ల 2006లో అక్కడ వ్యాపారపు వేట ఆపేశారు. హార్బర్ బ్రిడ్జికి పడమర పట్టిన చేప అసలు తినొద్దని, తూర్పున పట్టింది నెలకు 150 గ్రాములు మించొద్దని సలహా ఇచ్చారు. ఆ విషం వచ్చిన, రోడ్స్ అనే పేట ఒడ్డున ఉన్న పాత ఫ్యాక్టరీల్లో యూనియన్ కార్బైడ్‌ది ఒకటి. ఆ పేరు మావాళ్ళకు ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. అయినా బ్రిడ్జికి పడమరనే ఉన్న పారమట్టా నది ఒడ్డున చిన్న చేపలు పట్టి, పిల్లలకు వేపుడు చేస్తున్న ఇళ్ళు నాకు తెలుసు. వాళ్ళకు సైజు గురించీ తెలియదు, విషం గురించీ తెలియదు.)

రూల్స్ చెప్పడానికి వాలంటీర్లు ఉన్నారంటారేమో. ఉన్నారు, మంచివాళ్ళు. ఒకామె మా అమ్మాయికి ముడి వేయడం నేర్పింది. కానీ వాళ్ళు చెప్పగలరే తప్ప ఆపలేరు. వాళ్ళు వచ్చేదీ పగలే. రాత్రి పూట పెద్దవాళ్ళను అలా జెట్టీల మీదికి పంపమని నేనూ అనను. నాకే భయమేస్తోంది. జూన్‌లో ఒక రాత్రి, నీళ్ళ పక్కనే చేపల్ని ముక్కలు కోసి సంచుల్లో వేస్తున్న ఒకతన్ని వద్దన్నాను. ముక్కలు చేస్తే ఇక పొడవు ఎవరు కొలుస్తారు, అందుకే కదా మీరు ఆ రూలు పెట్టింది. అతను కత్తి కింద పెట్టకుండానే ఫోన్ తీసి నా ఫోటో, నా కారు ఫోటో తీసుకున్నాడు. ఏమీ అనలేదు. అంతే. మా ఆవిడ మాత్రం ఆ తర్వాత నెల రోజులు నన్ను కదలనివ్వలేదు. "ఊళ్ళో పెద్దమనిషివా నువ్వు? నీకెవరిచ్చారు ఆ పెత్తనం?" అంది. జవాబు చెప్పలేకపోయాను. ఆ కుర్రాడి ప్రశ్న, మా ఆవిడ ప్రశ్న ఒకటే. దయచేసి మీరైనా చెప్పండి, నాకెవరిచ్చారు?

ఇదంతా పెద్ద దేశాల్లోనే సాధ్యమని, మనవాళ్ళకు అలవాటు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. మా ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు ఒడ్డుకు లాగేస్తారు. ఆ రెండు నెలలూ పొయ్యి వెలగడం కష్టమైన ఇళ్ళు ఉంటాయి. సర్కారు ఇచ్చే సాయం కోసం ఎదురు చూస్తారు, తిట్టుకుంటారు, అయినా ఆగుతారు. కేరళలో 2015లో 14 రకాల చేపలకు కనీస సైజు పెట్టారు, తర్వాత ఆ జాబితా 58కి పెరిగింది. అక్కడ ఆగేది కడుపు కోసం వేటాడేవాళ్ళు. ఇక్కడ రెండు వేళ్ళ కోసం ఆగలేనిది ఎవరు? శుక్రవారం సాయంత్రం టైంపాస్‌కు వచ్చినవాళ్ళం, ఇంటికి పోయే దారిలో షాపులో చేప కొనుక్కోగలిగినవాళ్ళం.

నేను అడిగేది ఏమిటని మీ ఆఫీసువాళ్ళు అడగొచ్చు. మూడు ఉత్తరాల్లోనూ అడిగాను, మళ్ళీ అడుగుతాను. రాత్రులు రండి. రోజూ కాదు, చలికాలంలో, పోటు సాయంత్రం దాటి వచ్చే రోజుల్లో, శుక్రవారం, శనివారం. పోటు వేళలు ఏడాది ముందే అచ్చవుతాయి, ఆ బకెట్లు కూడా వాటిని చూసే వస్తాయి. మీ మనుషులు ఎందుకు చూడరో నాకు తెలియదు. బోర్డు మీద చేప బొమ్మ దాని అసలు సైజులో వేయండి. ఇదిగో, ఇంత ఉంటేనే నీది, ఇంతకన్నా చిన్నదైతే సముద్రానిది అని. దానికి ఏ భాషా అక్కర్లేదు. చేపను పక్కన పెట్టి చూసుకుంటే చాలు. జెట్టీ చెక్క మీదే స్కేలు గీయించండి. ఒక డబ్బా పెయింటు ఖర్చు, కావాలంటే నేనిస్తాను. రూలు మారితే ఒక మెసేజ్ పంపండి. ఫోన్ చేసినవాడికి ఏదో ఒకటి తిరిగి చెప్పండి. ఏమీ చేయలేకపోయాం అని చెప్పినా చాలు, కనీసం నేను డైరీ రాయడం మానేస్తాను. రాత్రులు రండి. ఇది రెండోసారి రాశానని నాకు తెలుసు.

కుర్రాళ్ళకు పెద్ద జరిమానాలు వేసి ఏడిపించాలని నాకు లేదు. ఆ తెలుగు కుర్రాడు చదువుకోవడానికి వచ్చినవాడు, రెండు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేసుకుంటున్నవాడు అయి ఉంటాడు. చేపల కూర కోసం మొహం వాచి ఉంటాడు. ఒక్కసారి మీ మనిషి వచ్చి, బ్యాడ్జీ చూపించి, బకెట్టు వంచి, బతికి ఉన్నవాటినైనా నీళ్ళలో వదిలించి, మా అమ్మాయికి చూపించినట్టే అతనికీ ఎలా కొలవాలో చూపించి ఉంటే చాలు. అతను ఇంకో పదిమందికి చెప్పేవాడు. ఆ రాత్రి అతనికి చెప్పడానికి నేనే ఉన్నాను. నా మాట ఎందుకు వినాలో నా దగ్గర జవాబు లేదు.

ఈ ఆగస్టులోనూ వెళ్తాను. మా ఆవిడ ఒప్పుకుంది, ఎవరితోనూ మాట్లాడనని మాటిచ్చాక. మా అమ్మాయి జాన ఈ ఏడాది 17 దాటింది, తన లెక్క ఇప్పుడు జానెడు మీద నాలుగు వేళ్ళు. కుట్టు టేపు ఇంట్లోనే పెట్టి, మీ ఆఫీసర్ ఇచ్చిన స్టిక్కరును చేపల డబ్బా మూత మీద అంటించింది. మీరు ఎవరినైనా పంపితే, చోటు మీ దగ్గరున్న మ్యాపులో ఉంది. తొమ్మిది తర్వాత రమ్మనండి. చలికి చేతులు కొంకర్లు పోతాయి, ఫ్లాస్కులో అల్లం టీ ఉంటుంది.

ఇట్లు,
ఏటా 35 డాలర్లు కట్టే ఒక లైసెన్సుదారుడు,
(ఆ 24.6 సెంటీమీటర్ల చేప తాలూకు మనిషి)